అద్దె పెంచుతున్నానని పైపోర్షన్ వాళ్లకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. రెండంతస్తుల సొంతిల్లు. కింద నేనుంటాను, పైన డబుల్ బెడ్‌రూం పోర్షన్ అద్దెకిచ్చాం. నాలుగేళ్ల క్రితం జూన్‌లో ఒక జంట చిన్నబాబుతో దిగారు. అద్దె 12,000, అడ్వాన్సు రెండు నెలలది. అప్పుడు మావారు పదకొండు నెలలకి అగ్రిమెంటు రాయించారు. ఆ తర్వాత ఏటా 5 శాతం పెంపు అని అందులో ఉంది. గడువు అయిపోయాక మళ్లీ రాయించలేదు, అద్దె పెంచనూ లేదు. రెండేళ్ల క్రితం మావారు పోయారు. ఆయన్ని అర్ధరాత్రి కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది పైనున్న అబ్బాయే. అందుకే అద్దె సంగతి ఎత్తడానికి నాకు నోరు రావట్లేదు. మా మేనల్లుడేమో పక్క గల్లీలో 18,000 నడుస్తోంది, వచ్చే నెల నుంచే పెంచు అత్తా, కావాలంటే నేనే ఫోన్ చేసి చెప్తా అంటున్నాడు. నోటీసు అంటే లాయర్‌తో పంపించాలా? నోటితో చెప్తే సరిపోదా? ఎంత ముందు చెప్పాలి? వంటింటి సింకు కింద నీళ్లు కారుతున్నాయని వాళ్లు ఆరు నెలలుగా చెప్తున్నారు, అదీ చేయించలేదు. ఫ్యామిలీ పెన్షన్, ఈ అద్దె తప్ప నాకు వేరే ఆధారం లేదు.
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా ఒక పని. మీ మేనల్లుడిని ఫోన్ చేయనివ్వకండి.

ఎందుకు చెప్తున్నానంటే, ముప్పై ఏళ్ల కింద మేం రాంనగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఇంటాయన మంచివాడే, కానీ మొహమాటం. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఎనిమిదేళ్ల పాప గుమ్మంలోనే నిలబడి, "నాన్నా, వచ్చే నెల నుంచి మూడొందలు ఎక్కువివ్వాలంట, కింద తాతయ్య చెప్పమన్నాడు" అంది. మూడొందలు మాకు పెద్ద భారం కాదు. అడిగి ఉంటే ఇచ్చేవాళ్లం. కానీ పిల్లతో కబురు పంపాడన్న మాట మా ఆవిడకి మింగుడు పడలేదు. రెండు నెలల్లో ఇల్లు మారిపోయాం. ఆ పోర్షన్‌కి దసరా దాకా టూలెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది, అటు వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ణి. మూడో మనిషి చేత చెప్పించిన మాట ఎంత చిన్నదైనా అలాగే తగులుతుంది. కాబట్టి చెప్పాల్సింది మీరే.

ఇక చట్టం సంగతి. మీరు అనుకుంటున్నంత టెన్షన్ అక్కర్లేదు, మీ మేనల్లుడు అనుకుంటున్నంత తేలికా కాదు.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉంది కానీ, 2005లో వచ్చిన సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని పరిధిలోంచి బయటికొచ్చాయి. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ అద్దెకి సింగిల్ రూం దొరికినా గొప్పే. అంటే మీ పన్నెండు వేల పోర్షన్‌కి వర్తించేవి రెండే: మీ ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఏటా ఇంతకు మించి పెంచకూడదన్న పరిమితి ఏదీ మీకు అడ్డురాదు. అలాగని, ఫలానా తేదీ నుంచి ఇంత అని మీరు ఏకపక్షంగా ప్రకటిస్తే అది అద్దె అయిపోదు. వాళ్లు ఒప్పుకోవాలి.

మీ అగ్రిమెంటు గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత కూడా వాళ్లు అద్దె ఇస్తూ, మీరు తీసుకుంటూ వచ్చారు కాబట్టి చట్టం దాన్ని నెల నెలా సాగే అద్దెగా చూస్తుంది. దాన్ని ముగించాలంటే ఇటు మీరైనా అటు వాళ్లైనా పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెప్పేది ఇదే, అందరూ "పదిహేను రోజుల నోటీసు" అనేది దీన్నే. చాలామంది ఓనర్లు అద్దె పెంచడానికి కూడా పదిహేను రోజులు చాలనుకుంటారు. అది ఖాళీ చేయించే నోటీసు, పెంచే నోటీసు కాదు. పెంపు గురించి మీరిచ్చే కాగితం ఒక ప్రతిపాదన, అంతే. దానికి లాయర్ అక్కర్లేదు, స్టాంపు అక్కర్లేదు. తెల్లకాగితం, మీ సంతకం, తేదీ ఉంటే చాలు.

ఎంత ముందు చెప్పాలంటే, నా సలహా మూడు నెలలు. 2021లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో పెంపుకి మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది ఎవరినీ కట్టేయదు. అయినా మన ఊళ్లో ఇల్లు మారడమంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ మూడు నెలలు సబబుగానే తోస్తాయి. (విజయవాడ, విశాఖ పాఠకులు పై చట్టం లెక్కలు తమకి అన్వయించుకోవద్దు, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో అద్దె ఇళ్లకు వేరే చట్టం వచ్చింది.)

మీ ఉత్తరం ఫిబ్రవరి చివర్లో అందింది. మీ మేనల్లుడి మాట ప్రకారం వచ్చే నెల అంటే మార్చి. బాబుకి పరీక్షల నెల. వాళ్లకి మీ పెంపు నచ్చక ఇల్లు వెతుక్కోవాలనుకున్నా వెతుక్కోలేరు, ఇరుకున పెట్టి ఒప్పించారన్న మాట మీకు మిగులుతుంది. మార్చి మొదటి వారంలో చెప్పి, జూన్ 1 నుంచి అనండి. బడికి వేసవి సెలవులు మధ్యలో వస్తాయి. వెళ్లాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో ముహూర్తం చూసుకుని పాలు పొంగించుకుంటారు. అదే జూన్ మధ్యలో చెప్పారనుకోండి, వెనకే ఆషాఢం ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు మారనివాళ్లే మనలో ఎక్కువ. ఆ అమ్మాయి మళ్లీ కడుపుతో ఉంటే ఆ ఏడాదంతా మారరు కూడా. వీటి మీద మనకి నమ్మకం ఉన్నా లేకపోయినా, అద్దెకుండేవాళ్ల కేలెండరు ఇలాగే నడుస్తుంది. మీకూ లాభమే: ఆషాఢంలో ఖాళీ అయిన ఇల్లు చూడ్డానికి శ్రావణం దాకా ఎవరూ రారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎంత పెంచాలి.

18,000 అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో మేనల్లుణ్ణి అడగండి. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే చెప్పిన రేటా, లేక ఎవరైనా నిజంగా కడుతున్న అద్దెనా? రెండింటికీ మధ్య వెయ్యి రెండు వేలు తేడా మామూలే. లిఫ్టు, కారు పార్కింగు, ఇరవై నాలుగు గంటల నీళ్లు ఉన్న అపార్ట్‌మెంట్ ఫ్లాటుకీ, మెట్లెక్కి వెళ్లే పైపోర్షన్‌కీ కూడా ఒకే రేటు ఉండదు. మీ వీధిలో మీలాంటి ఇళ్లే మూడు చూసి, అక్కడ ఉంటున్నవాళ్లని అడగండి. కిరాణా కొట్టతనికి ఇంకా బాగా తెలుస్తుంది.

నేను మీ పాత అగ్రిమెంటు పట్టుకుని లెక్క కట్టాను. ఏటా 5 శాతం పెంచుతూ వచ్చి ఉంటే రెండో ఏడు 12,600, మూడో ఏడు 13,230, నాలుగో ఏడు దాదాపు 13,900, ఈ జూన్ నుంచి సుమారు 14,600 అయ్యేది. అందుకే 14,500 అడగమంటున్నాను. ఇది మీరు గాల్లోంచి తీసిన అంకె కాదు, వాళ్లు సంతకం పెట్టిన కాగితంలోంచి వచ్చింది. ఎవరూ వంక పెట్టలేరు.

అయితే అదే కాగితం పట్టుకుని, మూడేళ్లుగా పెంచనిదంతా బాకీ ఉందని మాత్రం అనొద్దు. నెల నెలా 12,000 తీసుకుని ఊరుకున్నది మీరే. ఆ డబ్బు పోయింది, పోనివ్వండి.

మరి 18,000 వదులుకుంటే నష్టం కాదా అంటాడు మీవాడు. ఏడాదికి 14,500 చొప్పున మీకొచ్చేది 1,74,000. పైవాళ్లు వెళ్లిపోయి, ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉండి, ఆ తర్వాత 18,000కి కొత్తవాళ్లు దిగారనుకుందాం. పది నెలలకి 1,80,000. పెయింటింగ్‌కి ఇరవై రెండు వేలు అవుతాయనుకుంటే, పాతవాళ్ల అడ్వాన్సులోంచి మన ఆనవాయితీ ప్రకారం నెల అద్దె పట్టుకున్నా ఇంకో పది వేలు మీ చేతివే. మిగిలేది 1,70,000. అంటే ఇంత హైరానా పడి మొదటి ఏడు నాలుగు వేలు తక్కువ. ఒక్క నెలకే ఇల్లు నిండితే మాత్రం పద్నాలుగు వేలు మీకు ఎక్కువ వస్తాయి, రెండో ఏడు నుంచి అయితే లాభం ఖాయమే, అది కాదనను. కానీ కొత్తగా దిగేవాళ్లు ఐదో తారీకుకల్లా అద్దె ఇస్తారో లేదో, అర్ధరాత్రి మీరు తలుపు కొడితే లేస్తారో లేదో ఈ లెక్కలో లేదు. ఒంటరిగా ఉంటున్న మీకు అది చిన్న విషయం కాదు.

ఆస్పత్రి సంగతి ఎత్తారు కాబట్టి దాని గురించీ ఒక మాట. ఆ అబ్బాయి చేసిన సాయం సాయమే. దానికి మీరు ఇన్నాళ్లూ అద్దె పెంచకపోవడం ద్వారా బదులు తీరుస్తున్నారని ఆయనకి తెలుసా? నాకైతే తెలియదనే అనిపిస్తోంది. ఆయన దృష్టిలో మీరు అద్దె పెంచని ఓనరు, సింకు బాగుచేయించని ఓనరు కూడా. అద్దె అద్దెలాగే ఉండనివ్వండి. ఆ ఇంట్లో శుభకార్యం అయితే మంచి చీర పెట్టండి, ఆవకాయ పెట్టినప్పుడు ఒక జాడీ పైకి పంపండి.

ఇక ఆ సింకు. వంటింట్లో సింకు కింద కారుతుంటే ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. తలుపు తీసి లోపల ఒక బకెట్ పెడతారు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి ఆ బకెట్ ఒంపుతారు. మరిచిపోతే చెక్క ఉబ్బిపోతుంది, బొద్దింకలు చేరతాయి. ఆరు నెలలుగా ఆ అమ్మాయి రోజుకి రెండుసార్లు ఆ బకెట్ ఎత్తి పారబోస్తోంది. మీరు అద్దె అని నోరు తెరవగానే ఆమెకి ముందు గుర్తొచ్చేది అదే. పైపు, వాషర్, ప్లంబర్ కూలీ కలిపినా ఒక నెల పెంపు ఖర్చు కూడా కాకపోవచ్చు. ముందు అది చేయించండి. "అద్దె పెంచుతున్నాం కాబట్టి చేయిస్తున్నాం" అన్నట్టు కాకుండా, ఆలస్యమైందని ఒప్పుకుని చేయించండి. నాలుగు రోజులు ఆగి అప్పుడు మాట ఎత్తండి.

మాట ఎత్తే పద్ధతి. కూరగాయల సంచులతో మెట్లెక్కుతున్నప్పుడో, మోటార్ వేయడానికి వచ్చినప్పుడో ఆపి చెప్పకండి. శుక్రవారమో శనివారమో ముందే, "బాబూ, ఆదివారం పొద్దున ఇద్దరూ ఒకసారి కిందికి రండి, అద్దె గురించి మాట్లాడుకుందాం" అనండి. విషయం ముందే తెలిస్తే వాళ్లూ ఇంట్లో ఒక మాట అనుకుని వస్తారు. ఊరికే "మాట్లాడాలి" అంటే రెండు రాత్రులు ఖాళీ చేయమంటారేమో అని టెన్షన్ పడతారు. ఇద్దరినీ రమ్మనడం ముఖ్యం. ఆయనకి ఒక్కడికే చెప్తే, ఆయన పైకెళ్లి ఏం చెప్తాడో మీకు తెలీదు.

కూర్చున్నాక, కాఫీ ఇచ్చి, చుట్టూ తిప్పకుండా: "మీరు దిగినప్పటి నుంచి అద్దె పెంచలేదు. జూన్ ఒకటో తారీకు నుంచి 14,500 చేద్దామనుకుంటున్నాను. అగ్రిమెంటులో ఉన్న ఐదు శాతం లెక్కే. మీరు ఉండాలనే నా కోరిక, ఆలోచించుకోవడానికి టైం ఉండాలని ఇప్పుడే చెప్తున్నా." ఇంతే. మందుల ఖర్చులు, ఇంటి పన్ను, మేనల్లుడు ఏమన్నాడు, పక్క గల్లీలో ఎంత నడుస్తోంది, ఇవేవీ తేకండి. కారణాలు పెరిగేకొద్దీ వాళ్లు ఒక్కోదానికీ జవాబు చెప్పాలనుకుంటారు, మాట ఎక్కడికో పోతుంది.

వాళ్లు "కొంచెం తగ్గించండి ఆంటీ" అనే అవకాశం ఉంది. మీరు ఎక్కడిదాకా దిగగలరో ముందే మనసులో అనుకోండి. నా లెక్కన 14,000. దాని కింద వద్దు. అక్కడికక్కడే తేల్చక్కర్లేదు, "ఆలోచించి చెప్పండి" అని పంపేయండి. పెంచిన అద్దెకి తగ్గట్టు అడ్వాన్సు కూడా పెంచమని అడగాలనిపించొచ్చు. అడగొద్దు, ఉన్న 24,000 చాలు.

నోటితో చెప్తే సరిపోదా అన్నారు. పెంపుకి వాళ్లు నోటిమాటగా ఒప్పుకున్నా ఒప్పందమే, కానీ మూడు నెలల తర్వాత "జూన్ అన్నారా, జూలై కదా", "నీళ్లతో కలిపి కదా" అని ఇద్దరికీ నిజంగానే వేర్వేరుగా గుర్తుంటుంది. అందుకే ఆ రోజే, వాళ్లు లేచేముందు కాగితం చేతిలో పెట్టండి. ముందు కాగితం వెళ్లి తర్వాత మాట వెళ్తే నోటీసు అనిపిస్తుంది. మాట అయ్యాక ఇస్తే గుర్తు కోసం రాసిచ్చినట్టుంటుంది. ఇలా రాసుకోవచ్చు:

"తేదీ: మార్చి __
శ్రీ ______ గారికి,
మా ఇంటి మొదటి అంతస్తు పోర్షన్‌కి మీరు ప్రస్తుతం నెలకి 12,000 రూపాయల అద్దె ఇస్తున్నారు. జూన్ 1 నుంచి ఈ అద్దెను నెలకి 14,500 రూపాయలు చేయాలని అనుకుంటున్నాను. మే నెల వరకు పాత అద్దే. నీళ్ల ఖర్చు ఇదివరకటిలాగే అద్దెలో కలిసి ఉంటుంది, కరెంటు బిల్లు మీ మీటరు ప్రకారం మీరు కడతారు. అడ్వాన్సులో మార్పు లేదు. మీకు సమ్మతమైతే జూన్ 1 నుంచి పదకొండు నెలలకి కొత్త అగ్రిమెంటు రాసుకుందాం. మీ అభిప్రాయం మార్చి 31లోగా తెలియజేయగలరు.
సంతకం"

నీళ్లు, కరెంటు ఎవరివి అన్న వాక్యం మీ ఇంట్లో ఉన్న పద్ధతిని బట్టి మార్చుకోండి, తీసేయకండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద "అందింది" అని రాసి సంతకం పెట్టమనండి. సంతకం అంటే ఒప్పుకున్నట్టు కాదని, కాగితం ముట్టినట్టు మాత్రమేనని ముందే చెప్పండి. లేకపోతే భయపడతారు. సాయంత్రం అదే కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఆయన "ఓకే ఆంటీ" అన్నా అదీ ఒక రాతే.

ఒప్పుకుంటే మే నెలలోనే కొత్త అగ్రిమెంటు రాయించండి. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలీదు: కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి పదకొండు నెలల అలవాటు వచ్చింది. మన రాష్ట్రంలో అంతకన్నా చిన్న గడువుకి కూడా రిజిస్ట్రేషన్ కావాలేమో, రాయించేటప్పుడు అడిగి తెలుసుకోండి. ఈసారి "గడువు తర్వాత కొనసాగితే 5 శాతం పెంపు" అన్న వాక్యంతో పాటు, ప్రతి మార్చిలో ఫోన్‌లో ఒక రిమైండర్ కూడా పెట్టుకోండి. వాక్యం పోయినసారి కూడా ఉంది కదా, గుర్తుచేసేవాళ్లే లేకపోయారు. ఆ అబ్బాయి ఆఫీసులో ఇంటద్దె మినహాయింపు కోసం మీ పాన్ నంబరు అడగొచ్చు, ఏడాది అద్దె లక్ష దాటితే అడుగుతారు. మీ అద్దె ఇప్పటికే దాటింది. దాచకండి, ఇవ్వండి. అద్దె ఆదాయంలో ఇంటిపన్ను పోను మిగిలిన దాంట్లో 30 శాతం చట్టమే మినహాయిస్తుంది, మీ పెన్షన్‌తో కలిపి చూసినా భయపడేంత ఉండకపోవచ్చు. ఒకసారి ఆడిటర్‌ని అడగండి.

ఒప్పుకోకపోతే? వెళ్లిపోతామంటే గౌరవంగా పంపండి. వెళ్లకుండా, పెంచకుండా నాన్చితేనే చిక్కు. జూన్ ఐదున అలవాటుగా 12,000 మీ అకౌంటులో పడుతుంది. అది చూసి ఊరుకున్నారో, మార్చిలో ఇచ్చిన కాగితానికి విలువ పోయినట్టే. వాళ్లు ముందు ఒప్పుకుని ఉంటే అదే రోజు "జూన్ అద్దె 14,500కి గాను 12,000 అందింది, 2,500 రావాలి" అని మెసేజ్ పెట్టండి. ఒప్పుకోనే లేదంటే, అప్పుడు 106వ సెక్షన్ కింద ఖాళీ చేయమని నోటీసు. దానికి మాత్రం లాయర్ దగ్గరికి వెళ్లండి. నోటీసు గడువు అయ్యాక అద్దె తీసుకుంటే నోటీసు వీగిపోయే ప్రమాదం ఉంది, ఇలాంటివి చూసుకోవాలి. ఏది ఏమైనా కరెంటు తీయడం, మోటార్ కట్టేయడం, తాళం మార్చడం జోలికి పోకండి. ఖాళీ చేయించేది కోర్టే, మనం కాదు. మేనల్లుళ్లు ఆవేశంలో ఇచ్చే సలహాల్లో ఇది మొదటిది.

మీరు రాసిన దాన్ని బట్టి అంతదాకా వచ్చేలా లేదు. ఆ అబ్బాయి కూడా ఏటా ఓనరు ఎప్పుడు పెంచుతుందో అని ఎదురుచూస్తూనే ఉండి ఉంటాడు. మీ మేనల్లుడికి ఏదో ఒక పని చెప్పకపోతే ఊరుకోడు కాబట్టి, ప్లంబర్‌ని పిలుచుకురమ్మనండి, ఆ కాగితం రెండు జిరాక్సులు తీయించుకురమ్మనండి. ఆదివారం పొద్దున మాత్రం తనింట్లోనే ఉండమనండి.